యుద్ధం ముగిశాక ముందుగా ఎవరిని ఇంటికి పంపాలి: వరుస నిర్ణయించే పద్ధతి

పెద్ద యుద్ధం ముగిసిన మర్నాడు ప్రతి సైనికుడినీ తొలిచే ప్రశ్న ఒక్కటే: నేను ఇంటికి ఎప్పుడు వెళ్తాను? ఆ ప్రశ్నకు లక్షలమందికి ఒకేసారి జవాబు చెప్పే బాధ్యత మీ మీద పడిందనుకోండి. మీరు సైన్యంలో అధికారి కావచ్చు, రక్షణ శాఖలో ఉద్యోగి కావచ్చు, ఇలాంటి నిర్ణయాలు ఎలా జరిగాయో తెలుసుకోవాలనుకునే విద్యార్థి కావచ్చు. గత శతాబ్దంలో రెండు ప్రపంచ యుద్ధాల తర్వాత ఈ పని రెండుసార్లు భారీ ఎత్తున జరిగింది. ఎక్కడ సజావుగా సాగిందో, ఎక్కడ తిరుగుబాటు దాకా వెళ్లిందో రికార్డుల్లో ఉంది. ఆ అనుభవం నుంచి తీసిన పద్ధతిని వరుసగా చెబుతాను.

ముందు ఒక విషయం మనసులో పెట్టుకోండి. సైనికులు ఎదురుచూడటానికి ఒప్పుకుంటారు. తమ తర్వాత వచ్చినవాడు తమకంటే ముందు ఓడ ఎక్కితే మాత్రం ఒప్పుకోరు. కింద చెప్పిన ప్రతి అడుగుకూ ఆధారం ఇదే.

మొదటి పని: యుద్ధం ఇంకా సాగుతుండగానే పథకం సిద్ధం చేయండి

శాంతి వచ్చాక ఆలోచిద్దామంటే ఆలస్యమైపోతుంది. అమెరికా సైన్యం 1943లోనే ఈ పని మొదలుపెట్టి, 1944 సెప్టెంబరులో తన పథకాన్ని ప్రజలకు ప్రకటించింది. బ్రిటన్‌లో కార్మిక శాఖ మంత్రి ఎర్నెస్ట్ బెవిన్ ఆధ్వర్యంలో తయారైన పథకం కూడా అదే నెలలో బయటికి వచ్చింది. అప్పటికి ఐరోపాలో యుద్ధం ముగియడానికి ఇంకా ఎనిమిది నెలల వ్యవధి ఉంది. ఆ సమయం ఊరికే పోలేదు. ప్రతి సైనికుడి సేవాకాలం, పతకాలు, పిల్లల వివరాలు కార్డుల మీదికి ఎక్కించడానికి, తప్పులు దిద్దడానికి, అనుమానాలు తీర్చడానికి అది పనికొచ్చింది. రికార్డులు సరిగా లేకపోతే ఎంత చక్కని సూత్రమైనా కాగితం మీదే ఉండిపోతుంది.

రెండో పని: ఎంతమంది మిగలాలో లెక్క తేల్చండి

ఎవరు వెళ్లాలన్నది తర్వాతి మాట. యుద్ధం ముగిసినా సైన్యానికి పని ముగియదు. ఓడిన దేశంలో ఆక్రమణ దళాలు ఉండాలి, ఖైదీలను కాపలా కాయాలి, ఆయుధ గిడ్డంగులు చూసుకోవాలి. ఈ సంఖ్యను ముందే తేల్చి, కారణంతో సహా బయటపెట్టండి. 1945 మే నాటికి అమెరికా సైన్యంలో సుమారు 83 లక్షలమంది ఉన్నారు. 1946 జూన్ చివరికి వారు సుమారు 19 లక్షలయ్యారు. ఏడాది వ్యవధిలో అంత తగ్గుదల జరిగినా, నడుమ ఆ దేశ ప్రభుత్వం ఘోరంగా తడబడింది. ఆ తడబాటుకు ఒక కారణం, ఎంతమంది ఎక్కడ ఎందుకు ఉండాలో సైనికులకు నమ్మకం కలిగేలా చెప్పకపోవటం.

మిగిలేవారిని ఏ పనికి వాడుతున్నారన్నది కూడా చిన్న విషయం కాదు. 1945 చివర్లో బ్రిటిష్ ఇండియన్ ఆర్మీ దళాలను జావాలో, ఇండోచైనాలో (నేటి వియత్నాం ప్రాంతం) వాడారు. జపాన్ సైనికుల ఆయుధాలు తీసుకోవడం పైకి చెప్పిన కారణం. నిజానికి అక్కడి స్వాతంత్ర్య ఉద్యమాలతో ఘర్షణ పడాల్సి వచ్చింది. జావాలోని సురబయ నగరంలో భారతీయ సైనికులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. యుద్ధం ముగిసిందని విన్న తర్వాత, ఇంకొకరి వలస పాలన కోసం కొడుకు చనిపోయాడన్న వార్త అందుకున్న ఇంట్లో, ఎవరు ముందు వెళ్లాలో మార్కులేసి తేల్చే ఏ పాయింట్ల పట్టిక చూపించగలం? జవహర్‌లాల్ నెహ్రూ సహా దేశ నాయకులు ఆ దళాలను వెనక్కు పిలవాలని గట్టిగా అడిగారు. కాబట్టి 'మిగిలేవారి సంఖ్య' అన్న గడి పక్కనే 'దేనికోసం' అన్న గడి కూడా గీసి, అందులో సిగ్గుపడకుండా రాయగలిగిన కారణం ఉందో లేదో చూసుకోండి.

మూడో పని: దళాలను పంపాలా, మనుషులను పంపాలా

ఇది మీరు తీసుకునే అన్నిటికన్నా పెద్ద నిర్ణయం. దళం మొత్తాన్ని ఒకేసారి పంపటం అధికారులకు తేలిక. ఒక డివిజన్ పేరు కొట్టేస్తే చాలు, వేలమంది ఓడ ఎక్కుతారు. బ్యాండు వాయిస్తూ ఊరేగింపు కూడా చేయవచ్చు. కాని యుద్ధం చివరికి వచ్చేసరికి ఏ దళమూ మొదట్లో ఉన్న దళంగా మిగలదు. చనిపోయినవారి స్థానంలో, గాయపడినవారి స్థానంలో కొత్తవారు వచ్చి చేరుతుంటారు. నాలుగేళ్లు పోరాడినవాడూ, నాలుగు వారాల కిందట చేరినవాడూ ఒకే బెటాలియన్‌లో ఉంటారు. దళం పేరుతో పంపితే నిన్న వచ్చినవాడు నేడు ఇల్లు చేరతాడు. గాయపడి ఆస్పత్రికి వెళ్లి, తిరిగి వేరే దళంలో పడిన పాత సైనికుడు అక్కడే ఉండిపోతాడు.

దీని ఫలితం 1919 మార్చిలో వేల్స్‌లోని కిన్మెల్ పార్క్ శిబిరంలో కనిపించింది. స్వదేశానికి ఓడ కోసం వేలమంది కెనడా సైనికులు అక్కడ చలిలో, బురదలో పడి ఉన్నారు. తమ పోరాట డివిజన్లు కలిసికట్టుగా దేశం చేరాలని కెనడా దళాధిపతి ఆర్థర్ కరీ పట్టుబట్టాడు. మూడో డివిజన్‌కు ఓడలు దొరికాయి. శిబిరంలో అంతకుముందు నుంచే ఎదురుచూస్తున్నవారి ప్రయాణాలు వాయిదా పడ్డాయి. మార్చి 4, 5 తేదీల్లో అల్లర్లు చెలరేగి ఐదుగురు మరణించారు. యుద్ధమంతా బతికి బయటపడిన మనుషులు ఇంటికి వెళ్లే దారిలో, తమ సైన్యం శిబిరంలోనే చనిపోయారు. ఈ ఐదుగురి సంగతి నిర్ణయాలు తీసుకునే ప్రతివారూ గుర్తుంచుకోవాలని నా కోరిక.

ఇవన్నీ తెలిసిన తర్వాతే రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా, బ్రిటన్ రెండూ మనిషి లెక్కన పంపాలని తేల్చుకున్నాయి. దీనికీ మూల్యం ఉంది. అనుభవం ఉన్నవారే ముందు వెళ్లిపోతారు కాబట్టి దళాలు గుల్లవుతాయి. జర్మనీలో ఉన్న అమెరికా డివిజన్లు కొద్ది నెలల్లోనే పేరుకు మాత్రమే డివిజన్లుగా మిగిలాయి. యుద్ధం పూర్తిగా ముగిసి ఉంటే ఈ మూల్యం చెల్లించవచ్చు. ఇంకో రంగంలో పోరు సాగుతుంటే మాత్రం ఆలోచించాలి. 1945 జూన్‌లో బ్రిటన్ తూర్పు రంగంలో ఉన్న సైనికుల విదేశీ సేవా గడువును మూడేళ్ల నాలుగు నెలలకు కుదించింది. అలసిపోయినవారికి అది దక్కాల్సిందే. కాని జపాన్ చేతిలో ఉన్న మలయా మీద దాడికి సిద్ధమవుతున్న, ఆగ్నేయాసియా సేనాధిపతి మౌంట్‌బాటెన్ దళాల నుంచి ఆరితేరినవారు ఒక్కసారిగా తగ్గిపోయారు. నా సలహా ఇది: పోరు ముగిసిన చోట మనిషి లెక్క పాటించండి. పోరు మిగిలిన చోట కూడా మనిషి లెక్కే పాటించండి, కాని బదులు మనిషి చేరిన తర్వాతే పాతవాడు బయల్దేరేలా నెలవారీ పరిమితి పెట్టి, ఆ పరిమితిని సైనికులకు ముందే చెప్పండి.

నాలుగో పని: 'దేశానికి ఎవరు అవసరం' అన్న ప్రశ్నను వరుస నుంచి వేరుచేయండి

ఆర్థిక నిపుణులు మీ దగ్గరకు వచ్చి, గనులకు కార్మికులు కావాలి, ఇళ్లు కట్టేవారు కావాలి, వారిని ముందు పంపండి అంటారు. వారి మాట సబబుగానే వినిపిస్తుంది. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసినప్పుడు బ్రిటన్ సరిగ్గా ఇదే చేసింది. పరిశ్రమలకు కీలకమైనవారు ముందు వెళ్లాలి, తర్వాత పాత యజమాని నుంచి ఉద్యోగం ఉందని కాగితం తెచ్చుకున్నవారు వెళ్లాలి. లెక్కల పరంగా తప్పు పట్టడానికి లేదు. కాని యజమానితో సంబంధం తాజాగా ఉన్నది ఎవరికి? పరిశ్రమల్లో ఆఖరిదాకా పనిచేసి 1918లో సైన్యంలోకి వచ్చినవారికి. 1914లో స్వచ్ఛందంగా చేరిన వారికి పాత ఉద్యోగాలు ఎప్పుడో పోయాయి. అంటే అందరికంటే ముందు వచ్చినవారు అందరికంటే చివర వెళ్లే పథకం అది.

1919 జనవరి 3న ఇంగ్లండ్‌లోని ఫోక్‌స్టోన్ రేవులో, సెలవు ముగిసి ఫ్రాన్స్‌కు తిరిగి వెళ్లాల్సిన వేలమంది సైనికులు ఓడ ఎక్కబోమన్నారు. అది డోవర్‌కు, లండన్‌కు, ఇతర శిబిరాలకు పాకింది. ఆ నెలలోనే యుద్ధ మంత్రిగా వచ్చిన విన్‌స్టన్ చర్చిల్ పాత పథకాన్ని పక్కనబెట్టాడు. 1916కు ముందు చేరినవారు, వయసు మీరినవారు, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు గాయపడినవారు ముందు వెళ్తారని ప్రకటించాడు. ఉండిపోవాల్సిన వారికి జీతం పెంచాడు. అశాంతి త్వరగానే సద్దుమణిగింది. విడుదల వేగమూ పెరిగింది. అయినా అసలు పని చేసింది కొత్త నియమమేనని నేను గట్టిగా నమ్ముతాను. ఎందుకంటే ఆ నియమం విన్న సైనికుడు తన వంతు ఎప్పుడో తానే లెక్కవేసుకోగలడు.

మరి దేశ అవసరం మాట? దానికి విడిగా, చిన్నగా ఒక దారి పెట్టండి. 1945లో బ్రిటన్ చేసిన ఏర్పాటు నాకు చాలా నచ్చుతుంది. అందరూ 'ఎ' తరగతిలో తమ వరుస ప్రకారం వెళ్తారు. భవన నిర్మాణం వంటి పునర్నిర్మాణ పనులకు కావలసినవారిని 'బి' తరగతిలో ముందే పంపుతారు. కాని ముందు వెళ్లినందుకు వారు కొంత వదులుకోవాలి. 'ఎ' తరగతివారికి జీతంతో 56 రోజుల సెలవు ఉంటే, 'బి' తరగతివారికి 21 రోజులే. ఒప్పుకున్న పని వదిలేస్తే తిరిగి సైన్యంలోకి పిలుస్తారు. ముందు వెళ్లేవాడు ఏదో ఒకటి వదులుకుంటున్నాడని కనబడితే వెనక ఉన్నవారి మనసు కొంత కుదుటపడుతుంది.

ఐదో పని: సైనికులనే అడగండి

ఈ అడుగును చాలా ప్రభుత్వాలు దాటేస్తాయి. అమెరికా సైన్యం దాటలేదు. సామాజిక శాస్త్రవేత్త శామ్యూల్ స్టౌఫర్ నేతృత్వంలోని పరిశోధన విభాగం ప్రపంచమంతటా ఉన్న వేలాది సైనికులకు ప్రశ్నపత్రాలు ఇచ్చి, ఎవరు ముందు వెళ్లాలని అడిగింది. ఊరికే 'ఏది ముఖ్యం' అని అడిగితే ప్రతివాడూ తనకు లాభించేదే చెబుతాడు. అందుకే ఎదురెదురుగా మనుషులను నిలబెట్టి అడిగారు: పోరాటంలో పాల్గొన్న పెళ్లికాని సైనికుడు ముందా, ఎన్నడూ విదేశానికి వెళ్లని ఇద్దరు పిల్లల తండ్రి ముందా? ఇలాంటి జతల మీద వచ్చిన జవాబుల నుంచి నాలుగు అంశాలు తేలాయి: మొత్తం సేవాకాలం, విదేశంలో గడిపిన కాలం, పోరాటం, పిల్లలు. అధికారులు ముఖ్యమనుకునే వయసు వంటివి సూత్రంలోకి రాలేదు.

మీరూ ఇలాగే చేయండి. ముందు వరుసలో ఉన్నవారినీ, వంటశాలల్లో, కార్యాలయాల్లో ఉన్నవారినీ విడివిడిగా అడగండి. ఇద్దరూ ఒప్పుకున్న అంశాలను మాత్రమే సూత్రంలో పెట్టండి. తాము చెప్పిన మాట నియమంలో కనిపించినప్పుడు, దానివల్ల నష్టపోయినవాడు కూడా దాన్ని తప్పుడు నియమం అనలేడు.

ఆరో పని: సూత్రం రాయండి

ఇక్కడ కాస్త ఆగి, నిదానంగా ఆలోచించండి. మీ ముందు మూడు నమూనాలు ఉన్నాయి.

మొదటిది సోవియట్ యూనియన్‌ది. 1945 జూన్ 23 నాటి చట్టం ప్రకారం పుట్టిన సంవత్సరాన్ని బట్టి విడదీసిన జట్లలో అందరికంటే పెద్ద వయసున్న పదమూడు జట్లు ముందు వెళ్లాయి. సెప్టెంబరులో మరో పది జట్లతోపాటు ఉన్నత విద్య ఉన్నవారు, మూడు లేదా అంతకంటే ఎక్కువసార్లు గాయపడినవారు, ఏడేళ్లు లేదా అంతకంటే ఎక్కువ సేవ చేసినవారు, మహిళలు వెళ్లారు. పుట్టిన సంవత్సరం ఒక్కటి చూస్తే చాలు కాబట్టి గందరగోళం తక్కువ. కాని ఇరవై రెండేళ్ల కుర్రాడు మూడేళ్లు పోరాడినా, రెండు గాయాలున్నా, వయసు లేదు కాబట్టి ఉండిపోవాలి. చాలామంది అలా ఏళ్ల తరబడి ఉండిపోయారు.

రెండోది బ్రిటన్‌ది. వయసు, సేవ రెండే అంశాలు. రెండు నెలల సేవ ఒక ఏడాది వయసుతో సమానం. నాలుగేళ్లు సేవ చేసిన 22 ఏళ్ల యువకుడూ, ఒక్క ఏడాది సేవ చేసిన 40 ఏళ్ల మనిషీ ఒకే విడుదల గుంపులో ఉంటారు, ఎందుకంటే 18 ఏళ్ల వయసు తేడా 36 నెలల సేవతో సరిపోతుంది. పట్టికలో వయసు గడి, చేరిన తేదీ గడి కలిసే చోట గుంపు సంఖ్య ఉంటుంది. ఎవరైనా ఒక్క నిమిషంలో తన సంఖ్య చూసుకోవచ్చు. 1945 జూన్ 18న మొదలై 1946 చివరికల్లా సుమారు 43 లక్షలమంది ఈ పద్ధతిలో బయటికి వచ్చారు. లోపం ఎక్కడంటే, లండన్ కార్యాలయంలో కూర్చున్న గుమాస్తాకూ బర్మా అడవిలో పోరాడినవాడికీ ఇందులో తేడా లేదు.

మూడోది అమెరికా సైన్యం పాయింట్లు. 1940 సెప్టెంబరు 16 నుంచి సేవ చేసిన ప్రతి నెలకూ ఒక పాయింటు. విదేశంలో గడిపిన ప్రతి నెలకూ అదనంగా ఒకటి. ప్రతి పతకానికీ, పాల్గొన్న ప్రతి దండయాత్రకు ఇచ్చే నక్షత్రానికీ ఐదు. పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి బిడ్డకూ పన్నెండు, ముగ్గురి వరకే. 1945 మేలో మొదట 85 పాయింట్లు ఉన్నవారికి అర్హత ప్రకటించారు. మహిళా దళంలో 44 చాలు.

ఈ సూత్రాన్ని ఇద్దరి మీద పెట్టి చూడండి. ఒకడికి 36 నెలల సేవ, అందులో 24 నెలలు విదేశంలో, రెండు నక్షత్రాలు, గాయానికి ఒక పతకం, ఒక బిడ్డ: 36, 24, 15, 12 కలిపితే 87. ఇంకొకడికి 40 నెలల సేవ, 28 నెలలు విదేశంలో, మూడు నక్షత్రాలు, పెళ్లి కాలేదు: 40, 28, 15 కలిపితే 83. రెండోవాడు ఎక్కువకాలం సేవ చేశాడు, ఎక్కువకాలం ఇంటికి దూరంగా ఉన్నాడు. అయినా రెండు పాయింట్ల తక్కువతో ఆగిపోయాడు. మొదటివాడు వెళ్లాడు. ఇది న్యాయమా? పెళ్లికాని సైనికులు చాలామంది కాదన్నారు. అతడికీ ఇంటి దగ్గర ముసలి తల్లి ఉండవచ్చు, ఆమెకు ఈ పట్టికలో ఒక్క పాయింటూ లేదు. నా అభిప్రాయం చెప్పాలంటే, బిడ్డలకు విలువ ఇవ్వాలి, ముగ్గురితో ఆపిన పరిమితి కూడా మంచిదే. కాని ఒక్క బిడ్డ విలువ ఏడాది సేవతో సమానం కావటం ఎక్కువ. సగానికి తగ్గించి, ఆ మేరకు కాల్పుల మధ్య గడిపిన కాలానికి ఇవ్వాల్సింది.

ఎందుకంటే అమెరికా సూత్రానికి అసలైన లోపం అక్కడే ఉంది. దండయాత్ర నక్షత్రం ఆ ప్రాంతంలో ఉన్న దళాలకు విస్తృతంగా దక్కేది, మొదటి వరుసలో తుపాకీ పట్టినవాడికీ, వెనక సామగ్రి మోసినవాడికీ. పదాతి సైనికుడు గర్వంగా ధరించే పోరాట బ్యాడ్జికి మాత్రం పాయింట్లు లేవు. విమాన దళంలో పతకాలు తరచుగా వచ్చేవి కాబట్టి అక్కడివారి లెక్క త్వరగా పెరిగేది. మీరు సూత్రం రాసేటప్పుడు పతకాలను లెక్కించకండి. పతకం అధికారి కలం మీద ఆధారపడి ఉంటుంది. కాల్పుల పరిధిలో గడిపిన నెలలను లెక్కించండి, దానికి దళం దినచర్య పుస్తకమే సాక్ష్యం.

సూత్రంలో నాలుగు అంశాలకు మించి పెట్టకండి. రాశాక దాన్ని ప్రకటించే ముందు, వేర్వేరు జీవితాలున్న ఇరవై, ముప్పైమంది నిజమైన సైనికుల రికార్డులు తెప్పించి, వరుస వేసి చూడండి. ఆ వరుసను వారి మధ్యే పనిచేసిన సార్జెంట్లకు చూపించండి. ఏ పేరు దగ్గర వారు ముఖం చిట్లిస్తారో అక్కడ మీ విలువలు సరిచేయండి.

అన్ని దళాలకూ ఒకే సూత్రం ఉండేలా పట్టుబట్టండి. 1945 ఆగస్టులో అమెరికా నౌకాదళం వేరే లెక్క తెచ్చింది: వయసుకు ఏడాదికి అర పాయింటు, సేవకు నెలకు అర పాయింటు, ఆధారపడిన కుటుంబం ఉంటే పది. విదేశీ సేవకు మొదట ఏమీ లేదు. నావికులు గగ్గోలు పెట్టాక దానికి పావు పాయింటు చేర్చారు. ఒకే ఓడలో ప్రయాణించే సైనికుడూ నావికుడూ తమ లెక్కలు పోల్చుకుంటారు. దాన్ని ఎవరూ ఆపలేరు.

ఏడో పని: లెక్క ఆగే తేదీ ప్రకటించండి

పాయింట్లు ఏ రోజు వరకు లెక్కిస్తారో స్పష్టంగా చెప్పాలి. అమెరికా మొదట 1945 మే 12 వరకు, తర్వాత జపాన్ లొంగుబాటు పత్రంపై సంతకాలు జరిగిన సెప్టెంబరు 2 వరకు లెక్కించింది. ఆ తర్వాత కొత్తగా పాయింట్లు చేరవు, అర్హతకు కావలసిన సంఖ్యే దిగి వస్తుంది. సెప్టెంబరులో 80కి, నవంబరుకల్లా 60కి దిగింది. ఈ పద్ధతి మంచిది: సైనికుడి సంఖ్య స్థిరంగా ఉంటుంది, గీత మాత్రమే కిందికి జరుగుతుంది, అది ఎంత వేగంగా వస్తోందో అతడు చూసుకోవచ్చు. ప్రతి ఒక్కరికీ అతడి లెక్క ఉన్న కార్డు చేతికివ్వండి. తప్పుంటే ఎవరికి చెప్పాలో, ఎన్ని రోజుల్లో జవాబు వస్తుందో ఆ కార్డు మీదే రాయండి.

మినహాయింపులు తప్పవు. గాయపడినవారు, శత్రువు చెరలో ఉండి విడుదలైనవారు పాయింట్లతో పనిలేకుండా ముందు వెళ్లాలి. ఇంట్లో తీవ్రమైన కష్టం ఉన్నవారికి బ్రిటన్ 'సి' తరగతి పెట్టింది. అరుదైన నైపుణ్యం పేరుతో ఎవరినైనా ఆపాల్సి వస్తే, జాబితా చిన్నగా ఉండాలి, ఆపే గడువు రాతలో ఉండాలి. 'అవసరం' అన్న మాటను దళాధిపతుల ఇష్టానికి వదిలితే, మంచి టైపిస్టును ఎవరూ వదలరు.

ఎనిమిదో పని: ఓడలు లెక్కపెట్టండి

మీ పథకం వేగాన్ని నిర్ణయించేది మీ సూత్రం కాదు, ఓడల్లో ఉన్న పడకలు. అమెరికా వందలాది సరుకు ఓడలను మనుషులకు అనువుగా మార్చింది. విమాన వాహక నౌకల్లో విమానాలు ఉంచే చోట వరుసల మంచాలు వేసింది. సారటోగా అనే వాహక నౌక ఒక్కటే 29 వేలమందికి పైగా ఇంటికి చేర్చింది. బ్రిటన్‌కు చెందిన క్వీన్ మేరీ ఒక్కో ప్రయాణంలో సుమారు 15 వేలమందిని మోయగలిగేది. అయినా ఓడలు సరిపోలేదు. పసిఫిక్ దీవుల్లో అర్హత వచ్చి, సామాను సర్దుకుని, రేవు దగ్గర వారాల తరబడి కూర్చున్నవారు లెక్కలేనంతమంది.

అందుకే అర్హత గీతను ఓడల సామర్థ్యంతో ముడిపెట్టి దించండి. వచ్చే నెలలో లక్షమందికి చోటుంటే లక్షమందికే అర్హత ప్రకటించండి. వార్తాపత్రికల్లో మెప్పు కోసం గీతను ఒక్కసారిగా దించేస్తే, ఆ మెప్పుకు మూల్యం రేవులో కూర్చున్నవాడు చెల్లిస్తాడు. ఏ ఓడ ఎందుకు ఆలస్యమైందో, ఏ ఓడను ఏ పనికి మళ్లించారో ప్రతి వారం ప్రకటించండి. మళ్లించిన ఓడ గురించి చెప్పకపోతే పుకారు చెబుతుంది. 1946 జనవరిలో కరాచీలోని డ్రిగ్ రోడ్ స్థావరంలో మొదలై భారత్, సిలోన్, సింగపూర్ స్థావరాలకు పాకిన బ్రిటిష్ వైమానిక దళం సమ్మెకు విడుదలలో ఈ జాప్యమే ప్రధాన కారణం. మరుసటి నెల బొంబాయిలో తల్వార్ అనే నౌకాదళ శిక్షణ కేంద్రం నుంచి మొదలైన రాయల్ ఇండియన్ నేవీ తిరుగుబాటుకు జాతి వివక్ష, చెడు తిండి, తక్కువ జీతం వంటి లోతైన కారణాలు ఉన్నాయి. విడుదల తర్వాత తమ బతుకు ఏమిటన్న ఆందోళన కూడా వాటిలో చేరింది.

తొమ్మిదో పని: మాట మార్చాల్సి వస్తే ఎలా చెప్పాలో నేర్చుకోండి

ఎంత జాగ్రత్తగా ఉన్నా వేగం తగ్గించాల్సిన రోజు వస్తుంది. 1946 జనవరి 4న అమెరికా యుద్ధ శాఖ ఆ పని చేసిన తీరును ఎలా చేయకూడదో చెప్పే పాఠంగా చదవండి. నెలకు ఎనిమిది లక్షలకు పైగా సాగుతున్న విడుదలను మూడు లక్షలకు తగ్గిస్తామని ప్రకటించింది. ఎవరి వంతు ఏ తేదీకి జరుగుతుందో చెప్పలేదు. రెండు మూడు రోజుల్లోనే మనీలా వీధుల్లో వేలాది సైనికులు ఊరేగింపు తీశారు. గువామ్, కలకత్తా, ఫ్రాంక్‌ఫర్ట్, పారిస్‌లలో అదే జరిగింది. అప్పటికే స్వదేశంలో సైనికుల భార్యలు సంఘాలుగా ఏర్పడి, చట్టసభ సభ్యులకు పసిపిల్లల బూట్లు పంపుతున్నారు. ఓడలు లేకపోతే ఓట్లు లేవన్న ముద్ర సైనికుల ఉత్తరాల మీద పడుతోంది.

జనవరి 15న సైన్యాధ్యక్షుడు ఐసెన్‌హోవర్ చట్టసభ ముందుకు వచ్చి చెప్పిన మాట వేరు. 45 పాయింట్లు లేదా 30 నెలల సేవ ఉన్నవారు ఏప్రిల్ చివరికి, 40 పాయింట్లు లేదా 24 నెలల సేవ ఉన్నవారు జూన్ చివరికి బయటపడతారన్నాడు. వేగం తగ్గిన మాట అలాగే ఉంది, కాని ప్రతి సైనికుడికీ ఒక నెల పేరు దొరికింది. మీరు మార్పు ప్రకటించే కాగితంలో మొదటి వాక్యం తేదీతో మొదలవ్వాలి. కారణం రెండో వాక్యంలో. సమర్థించుకోవటం ఎక్కడా వద్దు. ఆ కాగితం పత్రికలకంటే ముందు శిబిరాలకు చేరాలి. తమ భవిష్యత్తు గురించి వార్తాపత్రికలో చదివి తెలుసుకోవటం సైనికులను గాయపరుస్తుంది.

పదో పని: ఉండిపోయేవారిని పట్టించుకోండి

వెళ్లేవారి గురించి అందరూ ఆలోచిస్తారు. శత్రువు లేని శిబిరంలో కవాతు చేస్తూ మిగిలినవాడికి రోజు గడవటం కష్టం. అమెరికా సైన్యం 1945లో ఇంగ్లండ్‌లోని ష్రివెన్‌హామ్‌లో, ఫ్రాన్స్‌లోని బియారిట్జ్‌లో సైనికుల కోసం విశ్వవిద్యాలయాలు నడిపింది. అక్కడ చదివినవారు విడుదల తేదీ వరకు కాలాన్ని తమకోసం వాడుకున్నారు. కనీసం వృత్తి శిక్షణ తరగతులైనా పెట్టండి. అనవసరమైన కవాతులు, తనిఖీలు ఆపండి. సెలవులు పెంచండి. కుదిరితే చర్చిల్ చేసినట్లు జీతం పెంచండి.

స్వచ్ఛందంగా ఉంటామనేవారిని వెతకటం కూడా ఇక్కడే మొదలుపెట్టాలి. అందరికీ తిరిగి వెళ్లడానికి ఇల్లు ఉండదు. కొందరికి సైన్యమే జీవనాధారం. 1945 అక్టోబరులో అమెరికా స్వచ్ఛంద చేరికకు ప్రత్యేక చట్టం చేసి, తిరిగి చేరినవారికి సెలవులు, ప్రోత్సాహకాలు ఇచ్చింది. లక్షలమంది సంతకం చేశారు. ఇష్టపడి ఒకడు ఉంటే ఇష్టంలేని ఇంకొకడు ఇంటికి వెళ్తాడు. అయితే ఈ సంతకం విడుదల కార్డు చేతికి అందిన తర్వాతే అడగండి. ఎప్పుడు వెళ్తాడో తెలియని మనిషి దగ్గర ఆశ చూపి తీసుకున్న సంతకాన్ని నిలబెట్టకండి, అతడు వెనక్కు తీసుకోవడానికి ముప్పై రోజుల గడువు ఇవ్వండి.